వెన్నెల్లో నాకు కనిపించని ములకలపల్లి దారి

ముందే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే సగం చదివాక మీరు నన్ను తిట్టుకుంటారు. చెప్పాక కూడా తిట్టుకుంటారనుకోండి, అది వేరే సంగతి. చీకటి పడితే నాకు కళ్లు కనిపించవు. పగలైతే సూదిలో దారం ఎక్కిస్తాను, అర కిలోమీటరు దూరంలో వచ్చే బస్సు బోర్డు చదువుతాను. పొద్దు వాలాక మాత్రం లైటు పడినంత మేరే నా లోకం, దాని అవతల గోడే. రెండేళ్లుగా ఇదే వరస. ఇంట్లో సుగుణకు కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, పాల్వంచలో కార్మికులను షిఫ్టులకు చేరవేసే బస్సుకు నేను డ్రైవర్ని. డ్రైవరుకు కళ్లు లేవని తెలిస్తే ఆ పూటే స్టీరింగు లాక్కుంటారు. నలభై ఏడేళ్ల వయసులో నాకు ఇంకో పని ఎవడిస్తాడు? అందుకని నోరు మూసుకుని, వెలుతురు చాలడం లేదని అనిపించినప్పుడల్లా నా మోటారుసైకిలుకు ఇంకో లైటు బిగించుకుంటూ వచ్చాను. ఆ లైట్లన్నీ ఒకేసారి అడవి మధ్యలో ఆరిపోయిన రోజు సంగతి ఇది.

సుగుణ నా భార్య. ఏఎన్‌ఎం, ఊళ్లు తిరిగి టీకాలు వేసే నర్సు ఉద్యోగం. పాల్వంచకు బదిలీ కాకముందు ఆరేళ్లపాటు ములకలపల్లి అవతల అడవిలో ఒక గూడెంలో పనిచేసింది. ఊరి పేరు రాయను, వాళ్లను అడగకుండా రాయడం మర్యాద కాదు. అక్కడ లచ్చమ్మ అనే కోయ ముసలమ్మకు సుగుణ అంటే ప్రాణం. కోడలికి కాన్పు కష్టమైన రాత్రి సుగుణే పక్కన ఉందట. ఇప్పుడు ఆ ముసలమ్మ కొడుకు కొత్త ఇల్లు కట్టుకున్నాడు, "నర్సమ్మ రాకుంటే కొత్తింట్ల పొయ్యి ముట్టియ్య" అని లచ్చమ్మ కబురు పంపింది. నాకేమో ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఆ అడవిని ఫోటోలు తీసి ఈ పేజీలో పెట్టాలని ఎప్పటి నుంచో ఉంది. ఇద్దరి పనీ ఒకే దారిలో పడింది.

ఆదివారం చర్చిలో తొలి ఆరాధన ముగించుకుని, తొమ్మిదిన్నరకు పాల్వంచలో బయలుదేరాం. మూడు వందల పెట్రోలు కొట్టిస్తే రానూ పోనూ సరిపోయి మిగిలింది. ఖమ్మం నుంచి వచ్చేవాళ్లు కొత్తగూడెం మీదుగా పాల్వంచ చేరుకుని ఇటు తిరగాలి, ఉదయం ఏడింటికి బయలుదేరితే ఎండ ముదరకముందే అడవిలో ఉంటారు. ములకలపల్లి దాకా తారు రోడ్డు బాగానే ఉంది. రెండు పక్కలా ఆకు రాల్చిన టేకు, మద్ది, మధ్యమధ్య పత్తి తీసేసిన చేలు. బండి మీద నిదానంగా పోతే గంట. ములకలపల్లి నుంచి గూడెం దాకా పద్నాలుగు కిలోమీటర్లు, అందులో సగం తారు, సగం కంకర. షేర్ ఆటోకు మనిషికి నలభై రూపాయలు తీసుకుంటారు, అయితే సాయంత్రం నాలుగు దాటితే ఆటో దొరకదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ములకలపల్లిలో ఇడ్లీ తిని, గాలి చెక్ చేయించడానికి పక్కనే ఉన్న మెకానిక్ దగ్గర ఆగాను. ముప్పై ఏళ్ల మనిషి, చేతి నిండా గ్రీజు. హారను సరిగా మోగడం లేదని పక్క డొప్ప ఊడదీసి లోపలికి చూశాడు, చూసి నా ముఖం చూశాడు.

"ఇదేందన్నా, ఫ్యూజుకు తీగ చుట్టినవ్?"

సంగతేమిటంటే, కిందటి నెలలో కొత్తగూడెంలో పద్దెనిమిది వందలు పెట్టి రెండు ఎల్‌ఈడీ లైట్లు బిగించాను. అవి వేసినప్పుడల్లా ఫ్యూజు కొట్టేస్తుంటే విసుగొచ్చి, పాత వైరులో రాగి పోగులు నాలుగు తీసి ఫ్యూజు మీద చుట్టేశాను. డ్రైవర్లలో ఈ అలవాటు లేనివాడు ఉండడు. బండి దారిలో ఆగిపోకూడదు, అంతే మాకు తెలిసింది. ఫ్యూజు ఎందుకు కొట్టేస్తోందని అడిగే ఓపిక ఎవరికుంది?

"వైర్లు మాడిపోతయ్ అన్నా. ఈ లైట్లకు వేరే లైను గుంజి, రిలే పెట్టి కొత్త ఫ్యూజు ఏస్త. గంట పని, ఆరు వందలు."

"ఇరవై రెండేండ్ల సంది డ్రైవర్ని తమ్మీ. నాకు చెప్తున్నవా?" అన్నాను. వాడు డొప్ప బిగించేశాడు. గాలికి పది రూపాయలు కూడా తీసుకోలేదు. అది చూసి నాకు ఇంకా మండింది.

గూడెం చేరేసరికి పన్నెండు. లచ్చమ్మ సుగుణను పట్టుకుని కాసేపు వదల్లేదు. కొత్త ఇల్లు రేకుల ఇల్లే గానీ ముందు వసారా, లోపల పచ్చి మట్టి వాసన, చల్లగా ఉంది. సుగుణ ప్రార్థన చేసింది, లచ్చమ్మ తన పద్ధతిలో చనిపోయిన తన పెద్దలకు నీళ్లు వదిలింది, ఒకరి దేవుడికి ఒకరు అడ్డం రాలేదు. కొత్త పొయ్యి మీద నాటుకోడి కూర, అన్నం. లచ్చమ్మ కోడలు కూరలో కారం చేతికి ఎంతొస్తే అంత వేసింది, కళ్లలో నీళ్లు కారుతున్నా మూడుసార్లు వడ్డించుకున్నాను. "మా నర్సమ్మ మొగడు మంచిగ తింటడు" అని ముసలమ్మ మెచ్చుకుంటే సుగుణ నవ్వు ఆపుకోలేకపోయింది.

మధ్యాహ్నం ఇప్ప చెట్ల కిందికి తీసుకెళ్లారు. చెట్టుకు ఒక్క ఆకు లేదు. తెల్లవారుజామున రాలిన పువ్వు ఏరుకొచ్చి వాకిట్లో ఎండబోశారు, ఊరంతా తీపి వాసన. చెట్టు కింద నేల శుభ్రంగా ఉంటేనే పువ్వు ఏరడం తేలిక కాబట్టి ఎండుటాకులు ఊడ్చి సన్నగా నిప్పు పెడతారు. నేను ఫోటోలు తీస్తూ పోయాను. నాలుగింటికి బయలుదేరదామని సుగుణ అంది. ఇంకో పది నిమిషాలన్నాను. ఐదున్నరకు మళ్లీ అంది. పొద్దు వాలుతూ కొమ్మల మధ్య ఎర్రగా కనిపిస్తుంటే వదలబుద్ధి కాలేదు. తీరా ఫోను ఆరిపోయింది, నేను తల తిప్పి చూసేసరికి వెలుతురు కూడా పోయింది.

"ఈ పూట ఉండున్రి," అంది లచ్చమ్మ. "ఇప్పపువ్వు రోజులు. పొద్దుగూకినంక పువ్వు తిననీకి ఎలుగుబంటి తిరుగుతది. మొన్న గిట్లనే మా అన్న కొడుకు మీద వడ్డది."

"నాకు పొద్దున ఐదింటికి బస్సున్నది అమ్మా. పోవాలె," అన్నాను. అది నిజం. అసలు నిజం ఇంకొకటి: తెలియని ఇంట్లో చీకట్లో లేచి గడపలకు కొట్టుకుంటే నా గుట్టు బయటపడుతుంది. లైట్లున్న బండి మీదే నాకు ధైర్యం. చూశారా, ఎంత తెలివో.

ఆరూ నలభైకి బయలుదేరాం. మూడు లైట్లూ వేస్తే కంకర రోడ్డు పట్టపగలులా వెలిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు కిలోమీటర్లు వచ్చాక వెలుతురు ఒకసారి వణికింది. గుంతలో పడ్డందుకేమో అనుకున్నాను. రెండోసారి వణికింది. ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది. తొడల మధ్య సీటు కింద నుంచి వేడి తగిలింది. మెకానిక్ ముఖం కళ్ల ముందు కనిపించింది. మూడోసారి వణకలేదు, మూడు లైట్లూ ఒక్కసారే ఆరిపోయాయి. హారను లేదు, ఇండికేటర్లు లేవు, మీటరులో చిన్న బల్బు కూడా లేదు. ఇంజను మాత్రం ఏమీ జరగనట్టు కొట్టుకుంటూనే ఉంది. పాత బండ్లు అంతే, దీపం లేకపోయినా నడుస్తాయి.

నాకు అంతా నలుపే. కళ్లు మూసినా తెరిచినా ఒకటే. బ్రేకు నొక్కి రెండు కాళ్లూ కింద ఆన్చి నిలబడ్డాను.

"ఏమైంది?"

"ఫ్యూజు పోయినట్టున్నది. నీ ఫోన్ టార్చ్ పట్టు."

ఆమె ఫోనులో పద్నాలుగు శాతం ఉంది, సిగ్నల్ లేదు. నా భుజం మీదుగా టార్చ్ పట్టుకుంది. ఆ వెలుతురు బండి ముందు చక్రం దాటి నాలుగు అడుగులు పడుతోంది. ఆ నాలుగు అడుగులను నమ్ముకుని మొదటి గేరులో కదిలించాను. సుగుణ చెయ్యి కదిలినప్పుడల్లా నా రోడ్డు అడవిలోకి వెళ్లిపోయి మళ్లీ వచ్చేది. దూరంగా కుడి పక్కన నేల మీద ఎర్రటి గీతలు పాకుతున్నాయి, ఇప్ప చెట్ల కింద పెట్టిన మంటలు. అడవి మొత్తంలో నా కళ్లకు కనిపించినవి అవే. అవి ఎంత దూరంలో ఉన్నాయో, వాటికీ నాకూ మధ్య ఏముందో తెలియదు. ఎండుటాకుల మీద ఏదో నడిచిన చప్పుడైంది. ఆగింది. మళ్లీ నడిచింది.

రెండు కిలోమీటర్లు అలా వచ్చామేమో, టార్చ్ ఆరిపోయింది.

"చార్జింగ్ అయిపోయిందా?" అన్నాను.

"నేనే బంద్ చేసిన. ఆరు శాతమే ఉన్నది, ములకలపల్లి దగ్గరికొస్తే ఎవరికన్న ఫోన్ చెయ్యాలె గదా. అయినా వెన్నెల మస్తుగ ఉన్నది, పిండి ఆరబోసినట్టు. టార్చ్ లేకుంటేనే మంచిగ కనవడ్తున్నది. పోనియ్."

పున్నమికి ఒక రోజు ముందు. తలెత్తితే చంద్రుడు నాకూ కనిపించాడు, గుండ్రంగా, తెల్లగా. తల దించితే ఏమీ లేదు. ఆ వెలుతురంతా ఎక్కడ పడుతోందో నాకు తెలియదు. ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. పొద్దున ఐదింటి బస్సు, నెల జీతం, కాలనీలో నలుగురి చూపు, అన్నీ వచ్చి నాలుక మీద కూర్చున్నాయి. "అవ్, మంచిగనే ఉన్నది," అన్నాను. అని, క్లచ్ వదిలాను.

ఈ వాక్యం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఏమీ కనిపించకుండా, వెనక నా పెళ్లాన్ని కూర్చోబెట్టుకుని, అడవిలో బండి నడిపాను. టైరు కింద కంకర చప్పుడు మెత్తబడితే అంచుకు వచ్చినట్టు, అప్పుడు కొంచెం ఇటు తిప్పేవాణ్ని. గరుకుగా ఉంటే నడి రోడ్డు. చెవులతో నడిపాను. "యేసయ్యా, యేసయ్యా" అని లోపల అనుకుంటూనే ఉన్నాను, కానీ ఆయన ఆపమంటే మాత్రం వినలేదు.

"ఆగు! ఆగవయ్యా! ముంగట గుంత!"

సుగుణ అరుపుకు రెండు బ్రేకులూ నొక్కేశాను. చక్రం జారింది, బండి కుడి పక్కకు పడింది, నేను దాని మీద పడ్డాను. అరచేతులు కంకరలో గీసుకుపోయాయి. ముందు చక్రం గాలిలో తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, దాని కింద నేల చప్పుడు లేదు. పొద్దున వచ్చేటప్పుడు చూసి, ఈ భయంలో మరిచిపోయిందే అది. వాగు మీద కొత్త కల్వర్టు కట్టడానికి రోడ్డును అడ్డంగా తవ్వేశారు, రెండు నిలువుల లోతు, అడుగున ఇనుప చువ్వలు లేచి ఉన్నాయి. పక్క నుంచి వాగులోకి దిగి ఎక్కే దారి ఉంది. అడ్డంగా మూడు పెద్ద రాళ్లకు సున్నం కొట్టి పెట్టారు. వాటిలో రెండింటి మధ్య నుంచి నేను సరిగ్గా దూరిపోయాను. పై ప్రాణాలు పైనే పోయాయి. సుగుణ దూకేసింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆ చీకట్లో ఆమె ఊపిరి చప్పుడు వింటూ, ఆమె మాట్లాడే దాకా నేను లేవలేకపోయాను.

"తెల్లటి రాళ్లు! సున్నం కొట్టిన రాళ్లు! నీకు కనవడలేదా?"

"బండి జారింది," అన్నాను.

అప్పుడే వాగు అవతల నుంచి ఒక కొరివి కదులుతూ వచ్చింది. కోయ పెద్దాయన ఒకాయన, చెట్టు కింద పువ్వుకు కాపలా ఉన్నాడట, చప్పుడు విని వచ్చాడు. నర్సమ్మను గుర్తుపట్టాడు. ముగ్గురం కలిసి బండిని వెనక్కి లాగి, వాగులోకి దించి అవతలి గట్టు ఎక్కించాం. నేను ఆ కొరివి వెంటే నడిచాను. పడినప్పుడు పెట్రోలు కారి ఇంజనులో నిండింది, ఎన్ని కిక్కులు కొట్టినా బండి అందుకోలేదు.

"జర సేపు ఆరనియ్యాలె," అన్నాడాయన. "గానీ ఈడ నిలవడకున్రి. ఎలుగు ఇప్పుడే గటు దాటింది, పిల్లతోని ఉన్నది. ఇప్ప చెట్లు అయిపోయేదాక, ఒక మైలు, బండి నూకుకుంట పొండ్రి. గట్టిగ మాట్లాడుకుంట పొండ్రి. మనిషి సప్పుడు ఇంటే అదే తప్పుకుంటది. సప్పుడు చెయ్యక ఎదురువడ్డరా, మీద వడ్తది. మేం గట్లనే పోతం, పెద్దగ ఒర్రుకుంట."

"జర మీరు రారాదుండ్రి?" అన్నాను, సిగ్గు విడిచి.

"ముసల్ది ఒక్కతే ఉన్నది మంట కాడ," అని ఆయన వెనక్కి వెళ్లిపోయాడు. కొరివి ఆ దారిలో చిన్నదై చిన్నదై కనిపించకుండా పోయింది.

అలా మొదలైంది. నేను హ్యాండిల్ పట్టుకుని తోస్తున్నాను, సుగుణ వెనక సీటు పట్టుకుని తోస్తోంది, ఇద్దరం గొంతు చించుకుని మాట్లాడాలి. మొదట ఆమె లచ్చమ్మ కూర గురించి అరిచింది, నేను పెట్రోలు ధర గురించి అరిచాను. పదడుగులు వేశానో లేదో బండిని నేరుగా చెట్టుకు కొట్టాను.

"రోడ్డు ఇటుంటే అటెందుకు పోతున్నవ్?" అని అరిచింది.

నేను తల వంచుకుని బండిని వెనక్కి లాగాను.

"మాట్లాడు! ఊకోకు! అది వస్తది!"

"నాకు కనవడ్తలేదు!" అని అరిచాను. "రోడ్డు కనవడ్తలేదు, రాళ్లు కనవడలేదు, నువ్వు కనవడ్తలేవు! రెండేండ్ల సంది చీకట్ల నాకేం కనవడదు!"

జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ ఏ మాటా చెప్పలేదు. అడవంతా విన్నది. సుగుణ మాత్రం నోరు మెదపలేదు. బండి ఆగిపోయింది. ఎడమ పక్కన ఆకులు నలిగాయి, ఏదో బరువైనది ముక్కుతో గాలి వదిలినట్టు చప్పుడైంది. ఎలుగుబంటి భయం ఒకెత్తు, ఆమె మాట్లాడకపోవడం ఇంకో ఎత్తు. ఏది పెద్దదో ఇప్పటికీ చెప్పలేను.

"సుగుణా, ఏదో ఒకటి అను. తిట్టు. నీ కాళ్లు మొక్కుత, తిట్టు!"

"ఏమని తిట్టాలె నిన్ను!" అని అప్పుడు అరిచింది, ఏడుస్తూ. "ఈ గూడాలల్ల ప్రతి పోరనికి కండ్ల మందు చెంచతోని పోసిన! రేచీకటి ఉన్నదా, రేచీకటి ఉన్నదా అని ఇల్లిల్లు తిరిగి అడిగిన! నా ఇంట్ల నా మొగని అడగకపోతిని! మొన్న చర్చి మెట్ల మీద పడితే చెప్పు జారిందంటివి! కరెంటు పోయిననాడు మంచం దిగకపోతివి, బద్ధకమనుకుంటి! గిన్ని లైట్లు ఎందుకయ్యా అంటే ఫోటోల బండి మంచిగ వస్తదంటివి!"

అరుస్తూనే బండిని తోసింది. నేనూ తోశాను. ఎడమ పక్కన చప్పుడు మాతో కొంచెం దూరం వచ్చి, ఆపైన లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఆపలేదు.

"రేపు పొద్దున బస్సు ఎన్నింటికి?"

"ఐదింటికి."

"చీకట్లనే గదా?"

"ఆ రోడ్డు నాకు నోటికొచ్చు!"

"రోడ్డు నోటికొస్తది! రోడ్డుకు అడ్డమొచ్చే మనిషి నోటికొస్తడా?"

ఇన్నేళ్ల డ్రైవరుగిరీలో ఎవరికైనా ఏదో ఒకటి అనేవాణ్ని. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేతకు అనగల మనిషిని. ఆ రాత్రి వచ్చింది ఒక్క మాటే. "రాడు," అన్నాను. చప్పుడు కోసం అదే గట్టిగా మళ్లీ అన్నాను.

ఇప్ప చెట్లు అయిపోయిన చోట కిక్కు కొడితే బండి అందుకుంది. సుగుణ నా చేతులు హ్యాండిల్ మీద నుంచి తీసేసింది. ఆ గూడెంలో ఉన్నప్పుడు ఈ దారి మీదే ఇలాంటి బండి నడుపుకుంటూ టీకాలకు తిరిగిన మనిషి. "ఎనక కూసో," అంది. కూర్చున్నాను. నడుము పట్టుకున్నాను. బండి నడిపేవాడికి వెనక కూర్చోవడం ఎంత భయమో నాకు అప్పుడే తెలిసింది. ప్రతి మలుపుకూ నా కాలు లేని బ్రేకు నొక్కింది. ఆమె ఏ మలుపునూ తప్పు తీసుకోలేదు. తొమ్మిదింపావుకు ములకలపల్లిలో కరెంటు స్తంభాలు కనిపించాయి. బండిని ఒక హోటలాయన దగ్గర పెట్టి, ఏడు వందలకు ఆటో మాట్లాడుకుని ఇంటికి వచ్చాం.

నాలుగింటికి అలారం మోగే ముందే లేచి కూర్చున్నాం. ఫోను ఆమే నా చేతిలో పెట్టింది. ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజరుకు కలిపాను.

"సార్, ఇయ్యాల బస్సు నడపలేను."

"జరమొచ్చిందా?"

"కాదు సార్. చీకటి పడితే నాకు కండ్లు కనవడవు. రెండేండ్ల సంది."

ఆయన నెమ్మదిగా అన్నాడు, "రెండేండ్ల సంది మా తమ్ముడు నీ బస్సుకే గదయ్యా వచ్చేది." అని పెట్టేశాడు.

ఖమ్మంలో కళ్ల డాక్టరు చూశాడు. కంటి వెనక పొర అరిగిపోతోందట, వంశంలో వచ్చేదట, సుగుణ చెంచాతో పోసే మందుకు తగ్గేది కాదట. పగటి చూపు ఇంకొన్నేళ్లు నిలవొచ్చన్నాడు. ఇప్పుడు షెడ్డులో బస్సుల రాకపోకలు రాసే పని ఇచ్చారు, జీతం తగ్గింది. రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్ల సంగతి మీకు చెప్పాలి. ఎక్కి కూర్చున్న రెండు నిమిషాల్లో నిద్రపోతారు. తల కిటికీకి ఆన్చి, నోరు తెరుచుకుని, టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని నిద్రపోతారు. అద్దంలో వాళ్లను చూసి, నా మీద ఎంత నమ్మకమో అని గర్వపడేవాణ్ని. నలభై మంది, రెండేళ్లు. ఎవరికీ ఏమీ కాలేదు, నిజమే. అది నా గొప్ప కాదు. ఇప్పుడు రాత్రుళ్లు మెలకువ వస్తే అడవి గుర్తుకు రాదు, ఆ నిద్రపోతున్న ముఖాలు గుర్తుకొస్తాయి, మళ్లీ నిద్ర పట్టదు.

ఆ దారికి వెళ్లాలనుకునేవాళ్లు తప్పకుండా వెళ్లండి, ఇప్ప పూసే రోజులు బాగుంటాయి. నాలుగింటికల్లా ములకలపల్లికి తిరిగి వచ్చేయండి. ఫ్యూజుకు తీగ చుట్టకండి, మెకానిక్ చెప్తే వినండి. వీటన్నిటికంటే ముందు ఒక పని చేయండి. బండి లైటు చాలడం లేదని మీకు అనిపిస్తుంటే, కొత్త లైటు కొనకముందు ఒక వెన్నెల రాత్రి ఇంట్లోవాళ్లతో కలిసి దీపాలు లేని చోటికి వెళ్లి పది నిమిషాలు నిలబడండి. "నీకేం కనిపిస్తోంది?" అని వాళ్లను అడగండి. వాళ్లకు కనిపించేది మీకు కనిపించకపోతే, అక్కడే బండి తాళం వాళ్ల చేతిలో పెట్టండి.